తొమ్మిది ఫైళ్ళు, ఒకే నంబరు

వార్డు హెడ్‌నర్సు పెద్ద సిస్టర్‌ను మనం నిన్న సూపరింటెండెంటు గది గుమ్మం దగ్గర వదిలి వచ్చాం. చంకలో నీలి అట్ట రిజిస్టరు, చెవుల్లో ఆయన మాటలు.

"నలభై మంది జాబితా ఇచ్చారు. ముప్ఫై ఒక్కరు మాట్లాడారు, సంతోషం. మిగతా తొమ్మిది మందీ ఒక్కసారి కూడా ఫోన్ ఎత్తలేదు. ఎత్తనివాళ్ళు ఎత్తరు సిస్టర్. వద్దనుకునేవాళ్ళ వెంటబడి పలకరించడం వైద్యం కాదు. రేపు నాలుగింటికి రండి. ఈ తొమ్మిదికీ జవాబుంటే సాగిద్దాం. లేదంటే ఆ గది మళ్ళీ పాత స్ట్రెచర్లకే ఇచ్చేద్దాం."

ఆ రేపు ఇవాళే.

ప్రాణం తీసుకోబోయి, ఎమర్జెన్సీకి చేరి, బతికి ఇంటికెళ్ళినవాళ్ళలో కొందరు మళ్ళీ అదే స్ట్రెచర్ మీద రావడం ఆమె ఏళ్ళ తరబడి చూసింది. కొందరు ఇక రాకపోవడమూ చూసింది. ఇంటికి వెళ్ళిన మొదటి రోజులే గండం. సరిగ్గా ఆ రోజులకు ఆస్పత్రి వాళ్ళ చేతిలో పెట్టేది ఒక మందుల చీటీ, దాని మీద 'రెండు వారాల తర్వాత రావలెను' అని ముద్ర. ముద్రకు చెవులుండవు కదా.

ఆమె భర్త పోయిన సంవత్సరం అత్తగారు రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోన్ చేసి "తిన్నావా?" అని అడిగేది. అంతే. ఓదార్పు లేదు, వేదాంతం లేదు. కొడుకును పోగొట్టుకున్న తల్లి, కోడలి అన్నం సంగతి అడిగేది. ఆ ముసలామెకు అబద్ధం చెప్పడం ఇష్టంలేక పెద్ద సిస్టర్ చాలా రోజులు నిజంగానే తిన్నది. మర్నాడొకసారి, మూడోనాడొకసారి, తర్వాత వారానికొకసారి ఇంటికెళ్ళినవాళ్ళను పలకరిద్దామని ఆరు వారాల కిందట ఆమె సూపరింటెండెంటు ముందు పెట్టిన పథకం నిజానికి ఆ ఫోనే. కాగితం మీద రాసేసరికి దానికి పెద్ద పేరొచ్చిందంతే.

పదకొండు గంటలకు, ఈ ఫోన్లకోసం ఇచ్చిన చిన్నగదిలో ఫ్యాను ఆగిపోయింది. గాలికోసం ఆమె తలుపు బార్లా తెరిచింది. ఎప్పుడూ మూసి ఉండే తలుపు అది. లోపల జరిగే మాటలు పదిమంది వినేవి కావు గనుక.

బల్లమీద తొమ్మిది ఫైళ్ళు. ఇన్నాళ్ళూ అవి ఒకచోట చేరలేదు. ఏ రోజుకారోజు రెండో మూడో ఫైళ్ళు వచ్చేవి. ఒకనాడు ఆమె, ఒకనాడు రెండో షిఫ్టు సిస్టర్, ఎప్పుడూ రౌండ్ల వేళకే ఫోన్లు చేసేవాళ్ళు. జవాబు లేకపోతే 'ఎత్తలేదు' అని రాసి పక్కన పెట్టేవాళ్ళు.

పైనున్న ఫైలు గడియారాలాయనది. యాభై ఏళ్ళుంటాయి. దారినపోయేవాళ్ళెవరో తీసుకొచ్చారు. వార్డులో ఉన్న నాలుగు రోజుల్లో ఆయన మాట్లాడింది గోడగడియారం గురించి మాత్రమే. ఆ గడియారం ఎన్ని నెలలుగానో రెండూ పదికి ఆగిపోయి ఉంది. అందరూ చూసి చూసి దాన్ని చూడడమే మానేశారు. మూడో రోజు ఆయన "సిస్టరమ్మా, దాన్ని దించండి, నేను చెప్తాను" అన్నాడు. ఆయన చేతికి పనిముట్లు ఇవ్వకూడదు. అందుకని ఆయన మంచంమీద కూర్చుని చెప్తుంటే పెద్ద సిస్టరే విప్పింది. "ఎడమకి... ఎడమకంటే మీ ఎడమకి కాదమ్మా, దాని ఎడమకి" అని ఆయన విసుక్కుంటే, వార్డంతా నవ్వింది. చివరికి ఆయనా నవ్వాడు. గడియారం నడిచింది. కాకపోతే ఐదు నిమిషాలు ముందు నడుస్తోంది. "వచ్చే శుక్రవారం వచ్చి సరిచేస్తాను. అందాకా ఐదు తీసేసుకుని చదువుకోండి" అని మాటిచ్చి వెళ్ళాడు.

పదకొండు రోజులైంది. ఆ శుక్రవారం వచ్చింది, వెళ్ళింది. ఆయన రాలేదు.

ఆమె ఫైల్లోని నంబరు చూసి, ఈ పనికోసం ఇచ్చిన సెల్‌ఫోన్‌లో నొక్కింది. రింగవుతోంది. సరిగ్గా అప్పుడే బయట వార్డులో నర్సుల బల్లమీది ఫోను కూడా మోగింది. రౌండ్ల వేళ. అందరూ మంచాల దగ్గరున్నారు. ఎవరూ ఎత్తలేదు. ఆమె పెట్టేసింది. బయట ఫోను కూడా ఆగింది.

రెండో ఫైలు తెరిచింది. బేకరీలో పనిచేసే కుర్రాడిది. నంబరు నొక్కింది. బయట ఫోను మోగింది.

ఆమె మూడో ఫైలు తీసింది. నంబరు నొక్కి, సెల్‌ఫోను చెవికి పెట్టుకునే లేచి, గుమ్మం దాటి, వార్డులోకి నడిచి, మోగుతున్న ఫోను ఎత్తింది.

"హలో," అంది.

తన గొంతు తన రెండో చెవిలో వినిపించింది.

ఆమె వార్డు ఫోను నంబరు ఆమెకే తెలియదా అని మీరడగవచ్చు. ఆస్పత్రి లోపల అందరికీ అది 'ఇరవై ఏడు'. బయటినుంచి చేసే పొడుగాటి నంబరు అవసరం ఆమెకు ఏళ్ళుగా రాలేదు. మన ఇంటికి మనమే ఉత్తరం రాసుకోం కదా.

*

రికార్డుల గదిలో గుమాస్తాను అందరూ 'కొలబద్ద' అంటారు. సన్నగా, నిటారుగా ఉంటాడు. ఏ గడిలో రాయాల్సింది ఆ గడిలోనే రాయాలంటాడు. తొమ్మిది ఫైళ్ళూ ధబీమని బల్లమీద పడేసరికి అతని టీ గ్లాసు అదిరింది.

"ఇదేంటి?"

"ఫైళ్ళక్కా."

"నాకు కళ్ళున్నాయి. ఈ నంబరెవరిది?"

కొలబద్ద చూశాడు. "మనదే."

"మనదే అని ఎంత నిబ్బరంగా చెప్తున్నావు! మనుషులు చావూబతుకుల మధ్య ఇంటికెళ్తున్నారు. వాళ్ళ నంబరు రాయమంటే మన నంబరు రాస్తావా? ఆరు వారాలుగా మాకు మేమే ఫోన్లు చేసుకుంటున్నాం. మేమే ఎత్తక, వాళ్ళు ఎత్తలేదని రాసుకున్నాం. అదే సార్‌కి చూపించాం. నీకు మనసెలా ఒప్పింది?"

"అక్కా, కూర్చోండి."

"కూర్చోను."

"కంప్యూటరుకి నంబరు గడి ఖాళీగా ఉంటే నచ్చదు. డిశ్చార్జి కాగితం ఇవ్వదు. ఫోను పోగొట్టుకున్నవాళ్ళు, నంబరు గుర్తులేనివాళ్ళు, చెప్పడానికి ఇష్టపడనివాళ్ళు... వాళ్ళకోసం గేటు దగ్గర ఆటో ఆగి ఉంటుంది, వెనకాల ఆ మంచంకోసం ఇంకొకరు ఆగి ఉంటారు. అప్పుడు ఇది కొడతాం."

"ఇది కొట్టమని ఏ మహానుభావుడు చెప్పాడు నీకు?"

కొలబద్ద కంప్యూటరు వైపు వేలు చూపించాడు. మానిటరు అడుగున చిన్న ముక్క అతికించి ఉంది. కట్లు కట్టే తెల్ల టేపు. అంచులు నల్లబడ్డాయి. దానిమీద వార్డు నంబరు. ఏడు అంకెకు నడుమ అడ్డగీత.

ఏడుకు అలా అడ్డగీత పెట్టేది ఆస్పత్రి మొత్తంలో ఒక్కరే.

"నేను చేరిన వారమది," అన్నాడు కొలబద్ద మెల్లిగా. "ఒక ముసలాయన డిశ్చార్జి ఆగిపోయి గంటసేపు నిలబడ్డాడు. మీరొచ్చి, 'పాపం కాళ్ళు లాగుతున్నాయిరా ఆయనకి. మన నంబరు కొట్టు, దాని నోరు మూతపడుతుంది' అని మీరే రాసి అతికించారు. ఆ రోజు మీరు దేవతలా కనబడ్డారక్కా. తర్వాత చేరినవాళ్ళందరికీ నేనూ అదే నేర్పాను."

పెద్ద సిస్టర్ అప్పుడు కూర్చుంది.

కొలబద్ద తన టీ ఆమె వైపు జరిపాడు. ఒక్క గుక్క తాగిన టీ. ఎంగిలి అన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. ఆమె మొత్తం తాగేసింది. తాగి, గోటితో టేపు అంచు పట్టుకుని పీకింది. సగం ఊడి, సగం అక్కడే ఉండిపోయింది.

"తర్వాత ఏడుద్దాం తమ్ముడూ," అంది లేస్తూ. "తొమ్మిది మంది. నాలుగింటిదాకా టైముంది. ఈ మనుషులు మన గడప దాటేటప్పుడు ఇంకెవరు వాళ్ళ నంబరు రాసుకుని ఉంటారో చెప్పు."

కొలబద్ద ముఖం మొదటిసారి గడి దాటి వెలిగింది. "తాళాల తాత!"

*

రోగుల చెప్పులు, పర్సులు, చేతి సంచులు దాచే బీరువాకు కాపలా తాళాల తాత. కంప్యూటరు ఆయన ముందు పెట్టబోతే "దానికి నాకు పడదు" అన్నాడు. సంచి తీసుకెళ్ళేవాళ్ళ చేత ఇప్పటికీ పొడుగు నోటుపుస్తకంలో సంతకం పెట్టిస్తాడు, పక్కన ఫోన్ నంబరు రాయిస్తాడు. రాయించడమే కాదు, ఎదురుగా నిలబెట్టి ఒకసారి మోగించి చూస్తాడు. "సంచి మారితే నా కొంప మునుగుతుంది తల్లీ, అందుకు," అని చెప్పాడు. మూడేళ్ళుగా ఆ పుస్తకాన్ని చూసి నవ్వినవాళ్ళలో కొలబద్ద కూడా ఉన్నాడు. ఇప్పుడు రెండు చేతులతో అందుకున్నాడు.

"జాగ్రత్త. పేజీలు నలిగితే ఊరుకోను," అన్నాడు తాత. "నలగదు తాతా, నెత్తిన పెట్టుకుంటా," అన్నాడు కొలబద్ద.

ఎనిమిది నంబర్లు దొరికాయి. ఒంటిగంటకు మొదలుపెట్టారు.

మొదట ఎత్తింది బేకరీ కుర్రాడి తల్లి. "ఫోన్ చేస్తామన్నారంట కదమ్మా. వారం రోజులు అడిగాడు, ఆస్పత్రి నుంచి వచ్చిందా, ఆస్పత్రి నుంచి వచ్చిందా అని. తర్వాత అడగడం మానేశాడు." పెద్ద సిస్టర్ సాకులు చెప్పలేదు. "తప్పు మాదమ్మా. మీ నంబరు మేం రాసుకోలేదు. బాబున్నాడా?" అంది. కుర్రాడు వచ్చి, "ఇప్పుడు గుర్తొచ్చానా మీకు?" అన్నాడు. ఆ కోపం విని ఆమె కళ్ళు మూసుకుంది. కోపగించుకునేవాడు ఇంకా తలుపు పూర్తిగా వేసుకోలేదు.

ఒక రిటైరైన టీచరమ్మ ఎదురు ప్రశ్నలు వేసింది. ఒకతను "పొలైట్‌గా చెప్తున్నా, పెట్టేయండి" అని, తానే పెట్టకుండా ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఒకామెకు ఆలోచనలు మళ్ళీ వస్తున్నాయి. ఆమె చెల్లెలు పక్కనే ఉంది. చెల్లెలితో మాట్లాడి, ఇంట్లో మందులన్నీ తాళంలో పెట్టించి, సాయంత్రమే డాక్టరు దగ్గరికి తీసుకొచ్చేలా ఒప్పించింది. ఆ మధ్యలో, ఇప్పటికీ మానని అత్తగారి ఫోను వచ్చింది. "తిన్నావా?"

"లేదత్తయ్యా. ఇవాళ కాదు."

"సరే. పని కానీ. నాలుగింటికి మళ్ళీ అడుగుతా."

మూడున్నరకు ఎనిమిది గళ్ళూ నిండాయి. ఎనిమిది మందీ ఉన్నారు. తాత పుస్తకంలో తొమ్మిదో పేరు లేదు.

"గడియారాలాయన సంచి తీసుకెళ్ళలేదు తల్లీ," అన్నాడు తాత బీరువా తెరుస్తూ. "నేను భోజనానికి వెళ్ళిన వేళ వెళ్ళిపోయాడు. వస్తాడని చూస్తున్నా." అడుగు అరలో బూడిదరంగు గుడ్డసంచి, మూతి ముడివేసి ఉంది.

ఫైల్లో చిరునామా చోట ఒక బజారు పేరు మాత్రమే ఉంది. ఇంకేదైనా ఉంటే ఆ ముడి లోపలే ఉండాలి. రోగి సంచి విప్పాలంటే సూపరింటెండెంటు సంతకం కావాలి.

*

సూపరింటెండెంటు చెడ్డవాడు కాదు. తెల్లకోటు గుండీలు మెడదాకా పెట్టుకునే మనిషి. శుక్రవారం శుక్రవారం గేటు నుంచి వంటగది దాకా తానే తిరిగి తనిఖీ చేస్తాడు. ఆయన వచ్చాకే ఆస్పత్రిలో నీళ్ళు సక్రమంగా వస్తున్నాయి. ఆయనకు నచ్చనిది ఒకటే, లెక్కకు అందనిది.

వార్డు గడియారంలో నాలుగూ ఐదు. అంటే నాలుగు. పెద్ద సిస్టర్ ఆయన గదికి వెళ్ళలేదు. కొలబద్ద చేత ఆయన్నే చిన్నగదికి పిలిపించింది. ఆయన గుమ్మంలో నిలబడి బల్లమీది సంచి చూశాడు, పక్కన నిలబడ్డ తాతనూ ఆయన పుస్తకాన్నీ చూశాడు.

"ఏంటి సిస్టర్ ఇది, సంత?"

"జవాబు సార్. తొమ్మిది మంది ఎత్తలేదని మీకు చెప్పాను. అది నిజం కాదు. మేం వాళ్ళకి అసలు ఫోనే చేయలేదు." ఆమె టేపు ముక్క బల్లమీద పెట్టింది. "ఇది నా చేతిరాత."

ఉన్నదంతా చెప్పింది. కొలబద్ద మధ్యలో "తప్పు నాది కూడా సార్" అనబోతే, "నువ్వాగు" అంది.

ఆయన టేపు ముక్కను తిప్పి చూశాడు. "ఇది బయటికి వస్తే ఆస్పత్రి పరువు ఏమవుతుందో ఆలోచించారా?"

"ఆలోచించాను సార్. తర్వాత వాళ్ళు ఏమనుకుని ఉంటారో కూడా ఆలోచించాను. ఆస్పత్రివాళ్ళు ఫోన్ చేస్తామన్నారు, చేయలేదు. ఇంకెవరు చేస్తారు అనుకుని ఉంటారు. మధ్యాహ్నం నుంచి ఎనిమిది మంది దొరికారు. ఒక్కరు కూడా ఫోను పెట్టేయలేదు. ఒకడు తిట్టాడు. నాకు హాయిగా ఉంది." ఆమె సంచి ఆయన వైపు జరిపింది. "తొమ్మిదో మనిషి ఈ సంచిలో ఉన్నాడు. విప్పడానికి సంతకం కావాలి. గది స్ట్రెచర్లకి ఇస్తారా లేదా అన్నది ఐదింటికి మాట్లాడుకుందాం."

సూపరింటెండెంటు జేబులో పెన్ను కోసం తడుముకున్నాడు. సంతకం పెట్టి, ముడి తానే విప్పాడు.

ఒక చొక్కా. ఎప్పుడో చార్జింగు అయిపోయిన ఫోను. గుడ్డలో చుట్టిన నాలుగు చేతిగడియారాలు, ఒక్కోదానికి దారంతో చీటీ. మూతలేని కళ్ళద్దాల పెట్టెలో ఒక కార్డు, ఒకవైపు 'గడియారాలు', తిప్పితే 'కళ్ళద్దాలు'. ఒకే కొట్టులో చెరోవైపు కూర్చునే ఇద్దరు మనుషుల కార్డు. గడియారాల వైపు నంబరు చార్జింగు అయిపోయిన ఈ ఫోనుదే అయ్యుంటుంది. రెండోవైపు నంబరు ఆమె నొక్కింది. నలుగురూ వినేలా స్పీకరు పెట్టింది.

"చెప్పండమ్మా, కళ్ళద్దాలు," అంది ఒక హుషారు గొంతు. ఆమె ఎవరో చెప్పేసరికి హుషారు పోయింది. "నాలుగు రోజులైందమ్మా కిందికి రాక. పైనే గది. తలుపు కొడితే, 'పడుకున్నాను, తర్వాత రా' అంటాడు. పొద్దున కూడా అన్నాడు. ఎక్కువ కదిలిస్తే బాధపడతాడని..."

"మీరిప్పుడు పైకి వెళ్ళండి. ఫోను పెట్టకుండా వెళ్ళండి."

"కొట్టులో ఎవరూ లేరమ్మా..."

"బాబూ, కొట్టు ఎక్కడికీ పోదు."

మెట్లు వినిపించాయి. ఇనప మెట్లు. ఒక్కో అడుగుకూ ఖణేల్‌మంటున్నాయి. తాళాల తాత పెదవులు కదిపి లెక్కపెడుతున్నాడు. పద్నాలుగో మెట్టు దగ్గర అడుగులు ఆగాయి. తలుపు చప్పుడు. మళ్ళీ చప్పుడు.

"అన్నా, తలుపు తియ్యి. ఆస్పత్రి నుంచి ఫోను. నీకే."

గడియ తీసిన శబ్దం. ఫోను చేతులు మారిన గరగర.

"సిస్టరమ్మా," అన్నాడు గడియారాలాయన. గొంతు అడుగంటి ఉంది. "అది ఇంకా ఐదు నిమిషాలు ముందే నడుస్తోందా?"

"నడుస్తోంది. మీ మాటమీద రోజూ ఐదు తీసేస్తున్నాం." ఆమె కుర్చీలో ముందుకు జరిగింది. "ఒకటి అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఇప్పుడుందా?"

సూపరింటెండెంటు ఉలిక్కిపడి ఆమె వైపు చూశాడు. అలా మొహం మీద అడగొచ్చా అన్నట్టు. ఆమె చూపు తిప్పలేదు. అడిగితే లేని ఆలోచన పుట్టదని ఆమెకు తెలుసు. అడగకపోతే ఉన్నది ఒంటరిగా పెరుగుతుందనీ తెలుసు.

"ఉంది," అన్నాడాయన. "ఇవాళే అనుకున్నాను."

"చెప్పారు. మంచి పని చేశారు. ఇక అది మీ ఒక్కరి దగ్గరే లేదు, నా దగ్గరా ఉంది. కళ్ళద్దాలాయన మీ పక్కనే ఉన్నాడా? దేంతో అనుకున్నారో అది ఆయన చేతికిచ్చేయండి. నాకు పేరు చెప్పక్కర్లేదు. కిందికి తీసుకెళ్ళి కొట్లో పెట్టి తాళం వేసి వెంటనే రమ్మనండి. వచ్చాక మిమ్మల్ని వదిలి కదలొద్దనండి. అందాకా నేనున్నాను."

"అలాగేనమ్మా," అన్నాడు కళ్ళద్దాలాయన వెనకనుంచి. ఇనప మెట్లు వడివడిగా దిగాయి, అంతకంటే వడిగా ఎక్కాయి.

"ఇప్పుడు మీరు మా దగ్గరికి రావాలి. వస్తారా?"

సూపరింటెండెంటు ఎన్నడూ లేనిది, పై గుండీ విప్పుకున్నాడు. "సిస్టర్, ఆయన్ని అక్కడే ఉండమనండి. నా కారు పంపిస్తాను. కాదు, నేనే వెళ్తాను."

"ఆ గొంతు ఎవరిదమ్మా?" అన్నాడు గడియారాలాయన.

"మా సూపరింటెండెంటు గారిది. ఏం?"

"నేను వచ్చాను సిస్టరమ్మా. శుక్రవారం వస్తానన్నాను కదా, వచ్చాను. పనిముట్ల సంచి పట్టుకుని వచ్చాను. ఆ వేళ నాకు కొంచెం బాగానే ఉంది కూడా." ఆయన ఒక్కో మాటా సన్నని స్క్రూలా తిప్పుతూ బిగిస్తున్నాడు. "గేటు దగ్గర తెల్లకోటాయన ఆపాడు. గడియారం బాగుచేయాలి, నా సంచి కూడా ఉంది లోపల అన్నాను. 'ఇక్కడ నీతో ఎవరికీ పనిలేదు, వెళ్ళు' అన్నాడు. ఆ మాట పట్టుకునే మెట్లెక్కాను. మళ్ళీ దిగలేదు."

కొలబద్ద నేలవైపు చూస్తున్నాడు.

"ఆ గొంతే," అన్నాడు గడియారాలాయన.

పెద్ద సిస్టర్ తలెత్తింది. సూపరింటెండెంటు ఎప్పుడూ నిలబడే మాట్లాడే మనిషి. కాలితో తడిమి, స్టూలు లాక్కుని, ఆ చిన్న బల్ల ముందు కూలబడ్డాడు. చెయ్యి ఆమె వైపు చాచాడు.

"ఫోను ఇటివ్వండి సిస్టర్," అన్నాడు.

ఆమె ఫోనును గుప్పిట్లో బిగించింది. ఈ మనిషి ఇప్పుడు ఒక్క మాట తప్పితే ఆ పద్నాలుగు మెట్ల పైన ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. ఇవ్వకపోతే, 'వెళ్ళు' అన్న ఆ గొంతే 'రండి' అనడం జరగకుండా పోతుందనీ తెలుసు.